పుస్తకంలో పేరు ఉందా? పాదిరీల డైరెక్టరీల కథ

  ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా కింద రాసి పెడుతున్నాం. సైటు గోలలో వినపడలేదనేవాళ్లు తీరిగ్గా చదువుకోండి.

కొత్తగా వింటున్నవాళ్లకు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది డోర్నకల్ దగ్గర పల్లె. ఐటిఐ చదివాను. గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు షట్టరింగ్ పని చేసి, తర్వాత అంటారియో వచ్చాను. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్ని. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడే అలవాటు ఉంది కదా, అదే ఇక్కడ కాస్త సాగదీస్తుంటాను.

ఇవాళ్టి విషయం వింటే నవ్వుతారు. పాదిరీల డైరెక్టరీలు. అంటే ఏ పాదిరి ఎవరు, ఎక్కడ చదివాడు, ఏ బిషప్ దగ్గర ఆర్డినేషన్ తీసుకున్నాడు, ఏ చర్చిలో ఉన్నాడు అని అచ్చేసే పుస్తకాలు. "మనకెందుకన్నా ఇది?" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా సైటులో ఒక పెళ్లి వచ్చేదాకా.

మా దగ్గర రీబార్ కట్టే ఒక తమ్ముడు ఉన్నాడు. భీమవరం వైపు అబ్బాయి. అమ్మాయిదీ అటే, ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. ఇద్దరిదీ చర్చి కుటుంబం. పెళ్లి చిన్నగా చేసుకుందామనుకున్నారు. సిటీ ఆఫీసుకు వెళ్లి మ్యారేజ్ లైసెన్సు తీసుకున్నారు. అంటారియోలో ఆ లైసెన్సు 90 రోజులే చెల్లుతుంది. ఆ లోపల పెళ్లి అయిపోవాలి. చేసినాయన కాగితం నింపి గవర్నమెంటుకు పంపాలి. అప్పుడే పెళ్లి రిజిస్టర్ అవుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. రేపు భార్యకో భర్తకో పీఆర్ స్పాన్సర్ చెయ్యాలంటే మొదట అడిగే కాగితం అదే.

పెళ్లి ఎవరు చేస్తున్నారని అడిగాను. "మన ఊరి అయ్యగారే అన్నా. కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. సీఎస్ఐ పాస్టర్ గారు. తెలుగులో చేస్తారు" అన్నాడు. సంతోషమే. కానీ నా ఉద్యోగమే అనుమానంతో బతికే ఉద్యోగం. ఎత్తులో పని చేసే ట్రైనింగ్ కార్డు చూడకుండా ఎవర్నీ పైకి ఎక్కనివ్వను. కార్డు ఉన్నా మూడేళ్లు దాటిందేమో తేదీ చూస్తాను. అదే చేత్తో ఆ రోజు లంచ్ టైములో ఫోను తీసి, అంటారియో ప్రభుత్వం పెట్టిన లిస్టు తెరిచాను. ఈ రాష్ట్రంలో పెళ్లి చెయ్యడానికి రిజిస్టర్ అయిన మతగురువుల పేర్లు అందులో ఉంటాయి. అయ్యగారి పేరు కొట్టాను. లేదు. స్పెల్లింగు మార్చి కొట్టాను. లేదు.

నేనేం చేశానో దాచుకోకుండా చెప్తాను. "ఒరేయ్, ఆయన దొంగ పాస్టరురా. డబ్బులు ఇచ్చావా?" అన్నాను. పక్కన ఇంకో నలుగురు ఉన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా అయ్యగారి చెవిన పడింది.

ఆ పెళ్లి ఏమైందో చివర్లో చెప్తాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టక, అసలు ఈ లిస్టులు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, కెనడాలో ఈ గొడవ రెండు వందల ఏళ్ల పైనుంచే ఉందని.

అప్పట్లో ఇప్పటి అంటారియోను అప్పర్ కెనడా అనేవాళ్లు. 1793లో అక్కడ పెళ్లిళ్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం పెళ్లి చేసే హక్కు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాదిరీలకే. అంటే ఇవాళ మనం ఆంగ్లికన్ అంటామే, వాళ్లకు. అసలు ఆ పాదిరీలే అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకని 18 మైళ్ల లోపల పాదిరి లేకపోతే మేజిస్ట్రేటు చెయ్యవచ్చన్నారు. 1798లో ఇంకో చట్టం తెచ్చి స్కాట్లండ్ చర్చి, లూథరన్, కాల్వినిస్టు పాదిరీలను కలిపారు. మెథడిస్టులను మాత్రం 1831 దాకా కలపలేదు. అడవులు కొట్టుకుంటూ, గుర్రాల మీద ఊరూరూ తిరిగి ప్రార్థనలు చేసింది ఎక్కువగా ఆ మెథడిస్టు బోధకులే. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేదీ వాళ్లే, చనిపోతే పాతిపెట్టేదీ వాళ్లే. పెళ్లికి మాత్రం వాళ్లు పనికిరారు. జనం తమకు ఏనాడూ ముఖం చూపించని పాదిరిని వెతుక్కుంటూ పోవాలి.

ఇక 1827లో ఒక పెద్ద లిస్టు గొడవ జరిగింది. జాన్ స్ట్రాచన్ అని టొరంటోలో పేరుమోసిన ఆంగ్లికన్ పాదిరి. ఆ ఊరిని అప్పుడు యార్క్ అనేవాళ్లు. తర్వాత 1839లో టొరంటో మొదటి బిషప్ అయ్యింది ఈయనే. 1791 చట్టం కింద ప్రభుత్వ భూముల్లో ఏడో వంతు ప్రొటెస్టంట్ పాదిరీల పోషణకని పక్కన పెట్టారు. ప్రొటెస్టంట్ అంటే ఎవరు? ఆంగ్లికన్లేనా, అందరూనా? భూమి ఎవరికి పోవాలన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. స్ట్రాచన్ లండన్ వెళ్లి, అక్కడి ప్రభుత్వానికి ఒక పట్టిక ఇచ్చాడు. ఏ సంఘానికి ఎంతమంది పాదిరీలు, ఎక్కడెక్కడ ఉన్నారు అని. దానిలో తన చర్చివాళ్లను బాగా చూపించాడు, మిగతావాళ్లను బాగా తగ్గించాడు. మెథడిస్టు బోధకులు అమెరికా నుంచి వచ్చినవాళ్లని, వాళ్ల రాజభక్తి మీద అనుమానం వచ్చేట్టు రాశాడు.

ఆ పట్టిక అచ్చులో బయటికొచ్చి ఇక్కడికి చేరేసరికి ఊరంతా భగ్గుమంది. 1828లో అసెంబ్లీ కమిటీ వేసి సాక్షులను పిలిచింది. తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నేను జ్ఞాపకం మీద రాసిందే అని స్ట్రాచన్ సమర్థించుకున్నాడు. ఎగర్టన్ రైర్సన్ అని పాతికేళ్ల మెథడిస్టు కుర్రాడు వరసగా ఉత్తరాలు రాసి ఆ పట్టికను చీల్చి పెట్టాడు. టొరంటోలో ఉన్నవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆయన పేరు మీద యూనివర్సిటీ ఉండేది. ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్లకు ఆయన ఆలోచనలు దారి వేశాయని, 2022లో ఆ పేరు తీసేసి టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ అని పెట్టారు. ఒక లిస్టులో జరిగిన అన్యాయాన్ని పట్టుకున్న మనిషి ఇంకో చోట ఇంకొకరి అన్యాయానికి కారణం కావచ్చు. అదీ గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఇక్కడ అర్థమైంది ఏంటంటే, లిస్టు రాసేవాడికి ఆ లిస్టుతో లాభం ఉంటే, దాన్ని రెండోసారి చూడాలి. మన సైటులో హాజరు పుస్తకం రాసేవాడే కూలీ డబ్బులు పంచితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ పాదిరీల భూముల తగాదా 1854 దాకా నడిచింది. అప్పుడు ఆ భూములను చర్చిల చేతుల్లోంచి తీసేశారు.

మరి ఇంగ్లండులోనే సరైన లిస్టు లేదా అంటే, చాలాకాలం లేదు. పాదిరి దగ్గర బిషప్ ఇచ్చిన ఆర్డినేషన్ పత్రం ఉండేది. ఏ బిషప్ రికార్డు ఆ బిషప్ ఆఫీసులో ఉండేది. దేశం మొత్తానికి కలిపి చూసుకునే పుస్తకం లేదు. 1817లో క్లరికల్ గైడ్ అని ఒకటి వచ్చింది. 1841లో క్లర్జీ లిస్ట్ మొదలైంది. 1840లో ఇంగ్లండులో పెన్నీ పోస్టు వచ్చింది, అంటే దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీకే ఉత్తరం పోతుంది. ఇలాంటి పుస్తకాలకు అది బాగా కలిసొచ్చి ఉంటుందని నా లెక్క. ఉత్తరం చవకైతేనే కదా వేలమందికి ఫారం పంపి వివరాలు అడగగలిగేది.

అన్నట్టు, 1841 మన తెలుగువాళ్లకూ గుర్తుండాల్సిన సంవత్సరమే. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లికన్ పాదిరీలు మచిలీపట్నంలో దిగింది ఆ సంవత్సరమే. బందరు నోబుల్ కాలేజీ ఆ నోబుల్ పేరు మీదదే.

1858లో జాన్ క్రాక్‌ఫర్డ్ అనే లండన్ పబ్లిషరు తన పుస్తకం తెచ్చాడు. అదే క్రాక్‌ఫర్డ్స్ క్లరికల్ డైరెక్టరీ. ఆయన పాదిరి కాదు, బిషప్ కాదు. పత్రికలు అచ్చేసుకునే వ్యాపారి. పాదిరీలకే ఫారాలు పంపి, వాళ్లు నింపిన వివరాలు వేశాడు. ఎక్కడ చదివాడు, ఏ ఏడు డీకన్ అయ్యాడు, ఏ ఏడు ప్రీస్ట్ అయ్యాడు, ఏ బిషప్ చేతుల మీదుగా, ఏ చర్చిలో ఎన్నేళ్లు, ఇప్పుడు అడ్రసు ఏంటి. మన సీవీ లాంటిదే, రెండు మూడు వరుసల్లో. క్రాక్‌ఫర్డ్ 1865లో పోయాడు. ఆ ఏడే బందరులో నోబుల్ కూడా పోయాడు. కానీ పుస్తకం ఆగలేదు. 1917లో పాత క్లర్జీ లిస్ట్‌ను తనలో కలిపేసుకుంది. ఇండియా, కెనడా లాంటి దేశాల్లోని ఆంగ్లికన్ పాదిరీల వివరాలు కూడా చాలాకాలం అందులో వేసేవాళ్లు. ఇప్పటికీ వస్తోంది, ఇంటర్నెట్‌లోనూ ఉంది. పాదిరి వివరాలు చూడాలంటే ఇంగ్లండులో ఇప్పటికీ క్రాక్‌ఫర్డ్‌లో చూశావా అంటారు.

ఒక తేడా గమనించండి. అదే 1858లో ఇంగ్లండులో డాక్టర్లకు మెడికల్ యాక్ట్ వచ్చింది. దాని కింద డాక్టర్ల రిజిస్టరు పెట్టారు. అది ప్రభుత్వ చట్టం పెట్టిన లిస్టు. క్రాక్‌ఫర్డ్‌ది వ్యాపారి అచ్చేసిన పుస్తకం. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, పేరు, చదువు, అడ్రసు. కానీ ఒకదానిలో పేరు లేకపోతే చట్టం ముందు నువ్వు డాక్టరువి కాదు. రెండోదానిలో పేరు లేకపోతే బహుశా ఫారం పంపలేదేమో అంతే.

కెనడాలోనూ మెల్లగా పద్ధతి మారింది. టొరంటోలో 1848 సంవత్సరం నుంచి కెనడియన్ ఆల్మనాక్ అని ఏటేటా ఒక పుస్తకం వచ్చేది. పంచాంగం, పోస్టాఫీసులు, కోర్టులు, వీటితో పాటు వేరువేరు సంఘాల పాదిరీల పేర్లు కూడా అందులో వేసేవాళ్లు. స్ట్రాచన్ పట్టికలో తక్కువైనవాళ్లు ఈ పుస్తకంలో మిగతావాళ్ల పక్కనే కూర్చున్నారు. ఇప్పుడు కెనడా ఆంగ్లికన్ చర్చికి సొంత డైరెక్టరీ ఉంది. దానికి వేరుగా, నేను ఫోనులో చూసిన ప్రభుత్వ లిస్టు ఉంది. ఆ లిస్టు ఎలా తయారవుతుందంటే, ప్రభుత్వం గుర్తించిన మత సంస్థ తన గురువుల పేర్లు పంపుతుంది, ప్రభుత్వం రిజిస్టర్ చేస్తుంది. క్రైస్తవులకే కాదు, అన్ని మతాలకూ అంతే. గుళ్లో పూజారి గారితో పెళ్లి చేయించుకున్నా ఆ పేరు అక్కడ చూసుకోవాల్సిందే.

ఇంకొక్క కథ చెప్పి పెళ్లి దగ్గరికి వస్తాను. షెర్లాక్ హోమ్స్ పేరు వినే ఉంటారు, ఆ డిటెక్టివ్ కథలు. 1927లో పుస్తకంగా వచ్చిన చివరి కథల్లో ఒకటుంది. ఒక ముసలాయనకు దూరాన ఉన్న పల్లె పాదిరి పేరుతో టెలిగ్రాం వస్తుంది, వెంటనే రమ్మని. హోమ్స్ క్రాక్‌ఫర్డ్ తెరిచి చూస్తాడు. ఆ పేరు ఉంది, డిగ్రీ ఉంది, ఊరు ఉంది. సరే అని ముసలాయన రైలెక్కి పోతాడు. అక్కడ పాదిరి, నేనెప్పుడు పంపాను టెలిగ్రాం అని మండిపడతాడు. విషయం ఏంటంటే, ముసలాయన్ని ఇంట్లోంచి బయటికి పంపడానికి హోమ్సే ఆ టెలిగ్రాం కొట్టించాడు. పేరు క్రాక్‌ఫర్డ్ లోంచే తీసుకున్నాడు.

చూశారా? పుస్తకంలో పేరు నిజమే. టెలిగ్రాం అబద్ధం. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అంటారే, అదే. అచ్చైన లిస్టు అందరికీ కనిపిస్తుంది, మోసగాడికి కూడా. పేరు అక్కడ ఉన్నంత మాత్రాన నీ ఎదురుగా కూర్చున్నవాడు ఆ పేరుగలవాడే అని ఎవరు చెప్పారు?

ఇక మా పెళ్లి. మరుసటి ఆదివారం ఆ తమ్ముణ్ణి తీసుకుని అయ్యగారి కూతురు ఇంటికి వెళ్లాను. పెద్దాయన తలుపు తీశారు. నన్ను చూసి లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు, టీ ఇప్పించారు. ఒక ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి టీపాయ్ మీద పెట్టారు. ఆర్డినేషన్ పత్రం, బిషప్ గారి సంతకం, పని చేసిన పాస్టరేట్ల పేర్లు.

"బాబూ, బిషప్ గారు నా తల మీద చేతులుంచి అభిషేకం చేశారు. ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని పెళ్లిళ్లు చేశానో లెక్క లేదు. ఇక్కడి కంప్యూటర్లో నా పేరు లేకపోతే నేను పాదిరిని కానా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మా డోర్నకల్ సంగతి నాకు తెలియదా? 1912లో అజరయ్య గారు మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యి, కూర్చున్న పీఠం మా ఊరి పక్కనే. 1947 సెప్టెంబరు 27న ఆ ఆంగ్లికన్లు, ఇంకొన్ని సంఘాలవాళ్లు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు. ఆ సీఎస్ఐ ఇవాళ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో ఉంది. ఈయన అసలైన పాదిరే. కానీ అంటారియోలో రిజిస్టర్ కాలేదు. ఈ రెండూ వేరు. నేను ఫోనులో చూసిన లిస్టు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పింది: ఈయన ఇక్కడ చట్టప్రకారం పెళ్లి చెయ్యగలరా? లేదు. ఈయన దొంగా అని నేను దాన్ని అడగనేలేదు, అది చెప్పనూలేదు. ఆ మాట నేనే కలిపాను.

"అయ్యగారూ, తప్పయిపోయింది" అన్నాను. ఆయన, "నువ్వు చూడబట్టే కదా తెలిసింది. నాకూ తెలియదు బాబూ, ఇక్కడ ఇలా రాయించుకోవాలని" అన్నారు.

బయటి నుంచి వచ్చిన గురువుకు తాత్కాలికంగా రిజిస్టర్ చేసే దారి ఇక్కడ ఉంది. కానీ చర్చి తరఫున కాగితాలు వెళ్లాలి, టైము పడుతుంది. లైసెన్సు గడువులో మాకు మిగిలింది మూడు వారాలు. అందుకని దగ్గరలోని ఆంగ్లికన్ చర్చి పాదిరమ్మ గారిని కలిశాం. ఆవిడ పేరు లిస్టులో చూసుకున్నాను, చర్చి నంబరుకు నేనే ఫోను చేసి మాట్లాడాను. చట్టం అడిగే ప్రమాణాలు ఆవిడ చేయించారు, కాగితం మీద సంతకం పెట్టారు. ప్రార్థన, వాక్యం, ఆశీర్వాదం మన అయ్యగారు తెలుగులో చేశారు. అమ్మాయి వాళ్లమ్మ భీమవరంలో వీడియో కాల్‌లో కూర్చుని ఆ తెలుగు విని ఏడ్చింది. కొన్ని వారాల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. అది పట్టుకుని ఆ తమ్ముడు నేరుగా సైటుకే వచ్చాడు, హెల్మెట్టు కూడా పెట్టుకోకుండా. గేటు దగ్గరే ఆపి ముందు హెల్మెట్టు పెట్టించి, తర్వాత చూశాను.

ఇప్పుడు మనందరికీ పనికొచ్చే ముక్క. పాదిరి అయినా, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటు అయినా, గల్ఫ్‌కు పంపే ఏజెంటు అయినా, మూడు సంగతులు చూడండి.

ఒకటి, అది ఏ లిస్టు? చట్టం పెట్టిందా, సంఘం పెట్టుకుందా, వాడి సొంత వెబ్‌సైటా? కెనడాలో డబ్బు తీసుకుని ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే లాయరు లాంటి లైసెన్సు ఉన్నవాళ్లై ఉండాలి, లేదా కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో సభ్యులై ఉండాలి. 2021లో మొదలైన ఆ కాలేజ్ రిజిస్టరు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇండియా నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు ఈ-మైగ్రేట్ సైటులో రిజిస్టర్ అయిన ఏజెంట్ల పేర్లు ఉంటాయి.

రెండు, పేరు ఉంటే సరిపోదు. హోమ్స్ టెలిగ్రాం గుర్తుంచుకోండి. విజిటింగ్ కార్డు మీద నంబరుకు కాదు, లిస్టులో ఉన్న నంబరుకు ఫోను చెయ్యండి. "ఈయన మీ మనిషేనా?" అని అడగండి.

మూడు, పేరు లేకపోతే డబ్బు ఇవ్వకండి, సంతకం పెట్టకండి. కానీ నలుగురిలో మనిషిని దొంగ అనకండి. ముందు వెళ్లి అడగండి. లిస్టులో లేనివాళ్లలో మోసగాళ్లూ ఉంటారు, ఎవరూ చెప్పకపోవడం వల్ల రాయించుకోనివాళ్లూ ఉంటారు. మనం ఈ దేశాలకు కొత్తగా వచ్చినప్పుడు మన ఐటిఐ సర్టిఫికెట్ ఏ లిస్టులో ఉందని? చేతిలో పని ఉంది, పుస్తకంలో పేరు లేదు. అప్పుడు మనల్ని ఎవరైనా దొంగ ఫిట్టరు అని ఉంటే ఎలా ఉండేది?

అయ్యగారు పోయిన నెల ఇండియా వెళ్లిపోయారు. వెళ్లేముందు ఫోను చేసి, "బాబూ, మళ్లీ వస్తే ముందుగా నా పేరు రాయించుకుంటాను, నువ్వు చూసి పెట్టాలి" అన్నారు. చూసి పెడతానన్నాను.

ఉంటాను. పైన పని చేసేవాళ్లు హార్నెస్ హుక్కు చూసుకోండి. వచ్చే వారం కలుద్దాం.